చుక్కి చిందులు, కాటుకమ్మ చేపు

సూరిబాబు మకాం ఊరికి ఎడంగా, జీడితోటల పక్కన, చేల మధ్య ఉంటుంది. మకాం అనగానే మేడ అనుకోకండి. ఒక తాటాకుల పాక, పాక వెనక గడ్డివామి, ముందు కుడితి తొట్టి, ఓ మూల కోడినీ పిల్లల్నీ మూసిపెట్టే వెదురు గంప. ఆస్తంతా అదే. కానీ అందులో ఉండేవాళ్ళ మాటలు వింటే మాత్రం అదేదో సంస్థానం అనుకుంటారు.

ముసలి ఎద్దు భద్రయ్య నాగలి లాగుతాడు గనక, మకాం తనవల్లే నడుస్తోందంటాడు. కుక్క సింహాద్రి, తను మొరగబట్టే ఇంకా దొంగలు పడలేదంటాడు. పగలంతా పడుకునే సంగతి మాత్రం ఎత్తడు. కోడి పుల్లమ్మకి అసలు అనుమానమే లేదు. పొద్దు పొడిచేది తన పిల్లలు గింజలు ఏరుకోవడానికే.

ఏమీ అననిది ఒక్క కాటుకమ్మే. నల్లటి ఒళ్ళు, వెనక్కి వంగిన కొమ్ములు, నిలబడితే గంటలకొద్దీ కదలని గేదె. ఆ ఏడు ఈనింది గానీ దూడ దక్కలేదు. దూడ మూతి తగిలితేనే గేదెకి పొదుగులోకి పాలు దిగుతాయి. దాన్నే చేపడం అంటారు. దూడ పోయిన గేదె సాధారణంగా పాలు బిగబట్టేస్తుంది, ఎంత పిండినా చుక్క రాలదు. కాటుకమ్మ మాత్రం రెండు పూటలా చెంబు నిండా ఇచ్చేది. సూరిబాబు భార్య మంగతాయారు ఇదంతా తన చేతి మహిమేనని ఊరంతా చెప్పుకుంది. తవుడు మహిమ అని భద్రయ్య నమ్మకం. కాటుకమ్మని అడిగితే నెమరు వేసుకుంటూ ఊరుకునేది.

ఇక కాటుకమ్మ కూతురు చుక్కి. నుదుట తెల్లచుక్క ఉన్న పడ్డ, అంటే ఇంకా ఈనని ఆడపిల్ల. పాలిచ్చే వయసు రాలేదు, బరువు లాగే పని లేదు. మకాంలో ఏ పనీ లేనిది అదొక్కతే గనక, అది డాన్సు నేర్చుకుంది.

పోయిన వేసవిలో అమ్మవారి జాతరకి గరగల వాళ్ళు మకాం ముందునుంచే వెళ్ళారు. నెత్తిన గరగ, అంటే అలంకరించిన అమ్మవారి కుండ, పెట్టుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, డప్పు దెబ్బకి అడుగు వేస్తూ, ఒక్కోచోట గిర్రున తిరుగుతూ. డప్పు అలా దూరమైపోయింది గానీ చుక్కి కాళ్ళలోంచి పోలేదు. ఆ రోజు నుంచి దానికి ఏ చప్పుడైనా డప్పే. అన్నిటికంటే మంచి డప్పు మంగతాయారు పాలచెంబు. ఆవిడ పాకలోకి వస్తూ చెంబుని గుమ్మానికి ఠంగుమని తగిలించేది. అది వినపడగానే చుక్కి మొదలుపెట్టేది. కుడికాలు తట్టి, ఎడమకాలు లాగి, ఓ చిన్న గెంతు గెంతి, కట్టేసిన గుంజ చుట్టూ తిరుగుడు.

గేదె డాన్సు చేయడమేంటని మీరు నవ్వొచ్చు. చూసినవాళ్ళెవరూ నవ్వలేదు. పుల్లమ్మ అయితే పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి మరీ చూసేది. కాటుకమ్మ ఒక్కతే గోడవైపు మొహం తిప్పుకుని నిలబడేది.

"కాళ్ళు నిలవ్వా నీకు?"

"నిలవ్వమ్మా."

"నిలుపుకో. దేవుడు మనకి నాలుగు కాళ్ళిచ్చింది ఒళ్ళు మొయ్యడానికి. ఎగరడానికి కాదు."

"ఒక్కసారి ఇటు చూడమ్మా. ఇవాళ కొత్త అడుగు వేశాను."

"చూడ్డానికేముందే అక్కడ? ఈ గోడ మీద బల్లి ఉంది. దాన్ని చూసుకుంటాను, అది కాసేపు కదలకుండా ఉంటుంది."

చుక్కి ముట్టె ముడుచుకుని గడ్డిలో తల పెట్టేసేది. బల్లి పాటి చెయ్యదా తను? ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలో దానికి తెలిసేది కాదు. మకామంతా మెచ్చుకున్నా అమ్మ మెచ్చుకోని ఆట, ఉప్పు వెయ్యని కుడితిలాగే ఉండేది.

భద్రయ్యకి వయసు మీద పడ్డా కళ్ళు బాగానే ఉన్నాయి. ఓ సాయంత్రం మెల్లగా అడిగాడు. "కాటుకమ్మా, పిల్ల గిర్రున తిరిగే చోట నీ నెమరు ఆగుతుందేంటి?"

"గడ్డిలో పుల్ల అడ్డొచ్చింది."

"రోజూ అక్కడే వస్తుందా పుల్ల?"

కాటుకమ్మ తోక విసిరింది. తోకకి ఈగ కూడా తగల్లేదు.

అసలు సంగతి వేరే ఉంది. చుక్కికి ముందు కాటుకమ్మకి ఇంకో కూతురుండేది, మల్లి. అదీ కాళ్ళు నిలవని పిల్లే. కంచెలు దూకేది, పలుపులు తెంపేది. సూరిబాబు విసిగిపోయి దాన్ని సోమవారం సంతకి తోలేశాడు. దాన్ని ఎక్కించుకున్న వ్యాను వెళ్ళాక లేచిన దుమ్ము కాటుకమ్మ ఇంకా మర్చిపోలేదు. ఇప్పుడు చుక్కి తిరుగుడికి గుంజలు లేచి వచ్చేస్తున్నాయి. కుడితి తొట్టి రెండుసార్లు బోర్లా పడింది. మొన్న సూరిబాబు కాలి మీద గిట్ట పడ్డప్పుడు ఆయన కుంటుతూ అననే అన్నాడు, వచ్చే సోమవారం ఈ పడ్డని సంతకి తోలేద్దామని. మంగతాయారు కాదనలేదు. చుక్కి అప్పుడు చేలో మేస్తోంది. విన్నది కాటుకమ్మా, భద్రయ్యా.

పిల్లకి చెప్పెయ్యమన్నాడు భద్రయ్య. చెబితే భయపడుతుంది, భయపడితే మేత మానేస్తుంది, బక్కచిక్కిన పడ్డని ఇంకా ముందే తోలేస్తారని కాటుకమ్మ లెక్క. తిట్టి ఆట మాన్పిస్తే చాలు, తోలే అవసరం రాదు.

"తిడితే మానేదైతే ఈపాటికి మానేసేది కదమ్మా," అన్నాడు భద్రయ్య.

"ఇంకా గట్టిగా తిడతాను," అంది కాటుకమ్మ.

ఇదంతా గడ్డివామి వెనక పడుకుని జంబయ్య విన్నాడు. జీడితోటలో ఉండే గుంటనక్క. పుల్లమ్మ పిల్లల మీద అతనికి ఎన్నాళ్ళ నుంచో కన్నుంది. సింహాద్రి నిద్రపోయినా సూరిబాబు కర్ర నిద్రపోదు గనక దగ్గరికి రాలేకపోతున్నాడు. ఇప్పుడు దారి దొరికింది. పడ్డ తప్పిపోతే ఆసామీ, కుక్కా ఇద్దరూ వెతకడానికి పోతారు. పడ్డని తప్పించడం ఎంతసేపు? తల్లీకూతుళ్ళ మధ్య అంత సందు ఉండగా.

మర్నాడు చుక్కి కాలవ గట్టున మేస్తుంటే జంబయ్య ఎదురొచ్చి ఒళ్ళంతా వంచి దణ్ణం పెట్టాడు.

"ఆయ్, అమ్మాయిగారూ, తమరి అడుగులు చూశానండి. కళ్ళు చెమర్చాయండి."

"నువ్వు నక్కవి. నీకు డాన్సులతో పనేంటి?"

"నక్కనే గనక నాలుగూళ్ళ జాతర్లు చూశానండి. నన్నెవరూ గుంజకి కట్టలేదు కదా." ఆ మాట చుక్కికి సూటిగా తగిలింది. జంబయ్య అది కనిపెట్టి గొంతు తగ్గించాడు. జీడితోట అవతల గుట్ట కింద రేపు పొద్దున్నే గరగలు దిగుతున్నాయని, వాళ్ళకి ముందు నడవడానికి అడుగు తెలిసిన పశువు కావాలని, కొమ్ములకి పసుపు రాసి మెడలో గజ్జెలు కడతారని చెప్పాడు. తను ఒక్క మాట అంటే చాలు, చుక్కినే తీసుకుంటారట.

చుక్కి కుడికాలు అప్పుడే నేల తట్టడం మొదలుపెట్టింది. అయినా, "అమ్మనడిగి చెబుతాను," అంది.

"తప్పకుండా అడగండి. పెద్దల మాట దాటకూడదు. అడిగేటప్పుడు ఇంకో మాట కూడా అడగండి, సోమవారం సంతకి తమర్ని తోలేస్తున్నారంట, ఆవిడకి తెలుసో లేదోనని. అబద్ధమైతే నా చెవి కొరికెయ్యండి."

ఆ సాయంత్రం పాకలోకి రాగానే చుక్కి అడిగేసింది. "అమ్మా, నన్ను సంతకి తోలేస్తున్నారా?"

కాటుకమ్మ నెమరు ఆగిపోయింది. "ఎవరు చెప్పారే?"

"అంటే నిజమే. నీకు తెలుసు. తెలిసి ఊరుకున్నావు."

"కాళ్ళు కుదురుగా పెట్టుకుని ఉంటే ఇంతదాకా..."

"అంటే తప్పు నాదేనా?"

"నీదే," అనేసింది కాటుకమ్మ. అనాలనుకుని అన్నది కాదు. భయం ఎక్కువైతే కొందరు తల్లుల నోటికి తిట్టే దొరుకుతుంది, ఇంకేదీ దొరకదు. అన్నాక వెనక్కి తీసుకోవడం ఎలాగో కాటుకమ్మకి తెలియలేదు. చుక్కి మూలకి పోయి అటు తిరిగి పడుకుంది.

మంగతాయారు వచ్చి చెంబు ఠంగుమనిపించింది. చుక్కి చెవి కూడా కదపలేదు. ఆవిడ పొదుగు కడిగింది, నిమిరింది, పిండింది. చుక్క రాలేదు. తవుడు పెట్టింది, బెల్లం ముక్క నాకించింది. రాలేదు. ఎవరి కళ్ళో పడ్డాయనుకుని ఎండుమిరపకాయలూ ఉప్పూ తెచ్చి గేదె చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకి భద్రయ్య తుమ్మాడు, సింహాద్రి నిద్ర లేచాడు. పాలు మాత్రం దిగలేదు. నిన్న కాటుకమ్మని పొగిడిన పక్కచేను సుబ్బాయమ్మని తిట్టుకుంటూ మంగతాయారు ఖాళీ చెంబుతో వెళ్ళిపోయింది.

తెలతెలవారుతుండగా చుక్కి గుంజ చుట్టూ తిరిగింది. ఈసారి అడుగుల కోసం కాదు, గుంజ కోసమే. అది లేచి వచ్చేసింది. పలుపుని ఈడ్చుకుంటూ తల్లి పక్కనుంచే పోయింది. కాటుకమ్మ కళ్ళు మూసుకుని ఉంది గనక నిద్రపోతోందనుకుంది. కాటుకమ్మ నిద్రపోవడం లేదు. పిల్ల అలిగి చేలోకి పోతోందనుకుంది. పిలిచి ఒక్క మంచి మాట అందామనుకుంది గానీ ఆ మాట వెతుక్కునేలోపు పిల్ల గట్టు దాటేసింది.

గట్టు అవతల కాచుకున్న జంబయ్య చుక్కిని జీడితోట మధ్యకి తీసుకెళ్ళి ఆగాడు. గరగల పెద్దల్ని పిలుచుకొస్తాను, ఇక్కడే ఉండండి అని చెప్పి పొదల్లోకి జారుకున్నాడు.

చుక్కి నిలబడింది. డప్పు వినపడలేదు. పొద్దెక్కింది. అయినా వినపడలేదు. వాళ్ళొచ్చేలోపు ఓసారి అడుగులు చూసుకుందామని కుడికాలు తట్టింది, ఎడమకాలు లాగింది, గెంతింది, గిర్రున తిరగబోయి ఆగిపోయింది. ఏదో తక్కువైంది. చప్పుడు కాదు. ఆ తిరుగుడు దగ్గర ఆగాల్సిన చప్పుడు. ఇంటి దగ్గర తను తిరిగే చోట వెనక నెమరు ఆగేది. ప్రతిసారీ ఆగేది. బల్లిని చూసేవాళ్ళ నెమరు ఎందుకాగుతుంది?

చుక్కికి అప్పుడు బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. చెట్ల సందుల్లోంచి చూస్తే మళ్ళలో ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తున్నారు. కోతలై గాదెలు నిండాక వేసవిలో చేసే జాతర నాట్ల రోజుల్లో ఎవరు చేస్తారు? నడుం ఎత్తడానికి తీరిక లేనివాళ్ళు గరగ ఎత్తుతారా? మకాంలో పుల్లమ్మ పిల్లలు కూడా నవ్వే పొరపాటు చేసింది. చుక్కి వెనక్కి తిరిగి పరుగందుకుంది.

ఈలోపు మకాంలో గొడవ గొడవగా ఉంది. పొద్దున్న కూడా కాటుకమ్మ చుక్క పాలివ్వలేదు. పడ్డ లేదని, గుంజతో సహా పోయిందని అప్పుడే చూసుకున్నారు. సూరిబాబు కర్ర పుచ్చుకుని సింహాద్రిని తీసుకుని చెరువువైపు వెతకడానికి పోయాడు. పశువుల వైద్యం తెలిసిన పెద్దాయనని తీసుకొస్తానని మంగతాయారు ఊళ్ళోకి పోయింది. ఈ హడావిడిలో గంప ఎత్తి పుల్లమ్మని వదలడం అందరూ మర్చిపోయారు.

జంబయ్య పెళ్ళికి వచ్చినవాడిలా నింపాదిగా వచ్చాడు. గంప అంచు కింద ముక్కు పెట్టి ఎత్తి, ఆ సందులో ఓ రాయి పెట్టాడు. లోపల పుల్లమ్మ గోల మొదలైంది.

"ఎవడ్రా అది?" అంది కాటుకమ్మ.

"నేనేనండి. పెద్దగా అరవకండి, ఇంట్లో ఎవరూ లేరు."

"నా పిల్లెక్కడ?"

"జీడితోటలో గరగల కోసం చూస్తోందండి."

"నాట్ల రోజుల్లో గరగలా?"

"నేనూ అలాగే అనుకుంటుందేమోనని భయపడ్డానండి. అనుకోలేదు. తమరు ఒక్కసారి మెచ్చుకుని ఉంటే, నాలాంటివాడి మెప్పు కోసం అంతదూరం వచ్చేది కాదు కదా. ఈ పూట నా భోజనం తమరి చలవేనండి."

జంబయ్య వేళాకోళానికన్నాడు. కానీ అతను పుట్టి బుద్ధెరిగాక చెప్పిన నిజం అదొక్కటే. కాటుకమ్మకి అది కర్ర దెబ్బకంటే గట్టిగా తగిలింది. కాసేపు నేలకేసి చూసింది. తర్వాత తన పలుపుని చూసింది. పలుపు కట్టిన గుంజని చూసింది. ఎప్పుడూ కదలని గేదె గనక ఆ గుంజని ఎవరూ లోతుగా పాతలేదు.

"నిజమే జంబయ్యా," అంది నిదానంగా. "దాని ఆట నేను మెచ్చుకోలేదు. ఎందుకో తెలుసా? నా ముందు అదెంత?"

జంబయ్య గంప వదిలి వెనక్కి తిరిగాడు. "తమరు కూడా డాన్సు చేస్తారా?"

"చూసి నువ్వే చెప్పు. నాలుగూళ్ళు తిరిగినవాడివి. తొందరేముంది, ఇంట్లో ఎవరూ లేరని నువ్వే అన్నావు."

కోడిపిల్లలు ఎక్కడికీ పోవు. కదలని గేదె కదిలితే చూసే అవకాశం మళ్ళీ రాదు. జంబయ్య గంప పక్కనే తోక చుట్టుకుని కూర్చున్నాడు, ముందు వరస టిక్కెట్టు కొన్నవాడిలా.

కాటుకమ్మ కుడికాలు తట్టింది. ఎడమకాలు లాగింది. చిన్న గెంతు గెంతింది. పాక అదిరి చూరులోంచి దుమ్ము రాలింది. భద్రయ్య నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. కాటుకమ్మ గిర్రున తిరిగింది.

సరిగ్గా అప్పుడే చుక్కి గడ్డివామి దగ్గరికి వచ్చింది. ముందు చప్పుడు విన్నది. అది తన అడుగుల చప్పుడే, కానీ వేస్తున్నది తను కాదు. తొంగి చూస్తే అమ్మ. కుడికాలు తట్టడం ఉంది. ఎడమకాలు లాగడం ఉంది. మొన్న తనే కొత్తగా కల్పించిన అడుగు, బల్లిని చూసుకుంటానని అమ్మ మొహం తిప్పుకున్న ఆ అడుగు కూడా ఉంది. కాలు పెట్టే చోటు కూడా తప్పలేదు.  ఒక్క అడుగూ వదలకుండా చూసి ఉంటే తప్ప ఇంత రాదు.

"అబ్బో అబ్బో," అంటున్నాడు జంబయ్య పొట్ట పట్టుకుని. "ఆ తిరుగుడు మళ్ళీ ఒక్కసారండి."

"దానికేం భాగ్యం," అని కాటుకమ్మ ఇంకో చుట్టు తిరిగింది. గుంజ లేచి వచ్చింది. పలుపు చివర వేలాడుతున్న ఆ గుంజ కాటుకమ్మ తిరిగిన విసురుకి తిరిగి వచ్చి జంబయ్య పిర్ర మీద ఫెళ్ళున తగిలింది.

జంబయ్య గడ్డివామివైపు దూకాడు. అక్కడ చుక్కి కొమ్ములు వంచి నిలబడి ఉంది. ఇటు తిరిగాడు, కాటుకమ్మ వచ్చేస్తోంది. కనపడిన ఒకే ఒక్క కన్నం గంప కింద తను ఎత్తిపెట్టిన సందు. పుల్లమ్మ పిల్లలతో సహా అందులోంచి బయటికి ఉరికింది, జంబయ్య లోపలికి దూరాడు. రాయి తప్పుకుని గంప చతికిలబడింది. కాటుకమ్మ వచ్చి గంప మీద గడ్డం ఆనించి, ఆగిపోయిన నెమరు మళ్ళీ మొదలుపెట్టింది.

చుక్కి దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడింది.

"ఎక్కడికెళ్ళావే?" అంది కాటుకమ్మ.

"జాతరకి."

"ఎలా ఉంది?"

"నువ్వు లేవమ్మా అక్కడ."

కాటుకమ్మ అప్పుడు మల్లి సంగతి చెప్పింది.  కంచె దూకడం, సంత, వ్యాను, దుమ్ము, అన్నీ చెప్పింది. "నువ్వు కాలెత్తినప్పుడల్లా నాకా వ్యానే కనపడేదే. అందుకే తిట్టాను. ఇష్టం లేక కాదు. ఇష్టమే. నిన్ను కూడా పోగొట్టుకుంటానని భయం."

"ముందే చెబితే గుంజకి కాస్త ఎడంగా తిరిగేదాన్ని కదమ్మా," అంది చుక్కి. నిజానికి అంత చిన్న ఉపాయం ఇద్దరికీ ఇన్నాళ్ళూ తట్టలేదు.

అప్పుడే మంగతాయారు వచ్చింది. వైద్యం తెలిసిన పెద్దాయన నాట్లలో ఉన్నాడట, దొరకలేదు. ఎండలో నడిచి వచ్చేసరికి ఇక్కడ రెండు గుంజలూ ఊడిపోయి, కోడి బయట, గేదె గంప మీద. ఆవిడకి ఒళ్ళు మండి, ఈ పడ్డ ఇంట్లో ఉన్నంతకాలం ఇంతే, సోమవారం దాకా కూడా ఆగేది లేదంటూ చేతిలో చెంబుని గుమ్మానికేసి ఠంగున కొట్టింది.

చుక్కి కాళ్ళు ఆగలేదు. వద్దు వద్దనుకుంటూనే కుడికాలు తట్టింది. ఎడమకాలు లాగింది. గెంతి, ఈసారి అన్నిటికీ ఎడంగా, గిర్రున తిరిగింది.

మంగతాయారు కర్ర కోసం వంగి అలాగే ఉండిపోయింది. నిన్నటి నుంచి బిగుసుకుపోయిన కాటుకమ్మ పొదుగులోంచి, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే పాలు కారి నేల మీద పడుతున్నాయి. ఆవిడ గబగబా చెంబు పెట్టి కూర్చుంది. చుక్కి భయపడి ఆగింది. పాల ధార సన్నగిల్లింది. మంగతాయారు చుక్కిని చూసింది, పొదుగుని చూసింది, చెంబుని ఇంకోసారి మెల్లగా వేలితో తట్టింది. చుక్కి కాలు కదిపింది. ధార జోరుగా దిగింది.

దూడ పోయిన గేదె ఇన్నాళ్ళూ ఎవరి చప్పుడుకి చేపిందో మంగతాయారుకి అప్పుడు తెలిసింది. నోటితో ఎంత తిట్టినా ఆ తల్లి ఒళ్ళు మాత్రం కూతురి అడుగు వినగానే పాలు దించేసేది. చెరువు గట్లన్నీ తిరిగి చెమటలు కక్కుతూ వచ్చిన సూరిబాబు పడ్డని చూసి, తాడేదని అరిచాడు. దీన్ని సంతకి తోలే పనైతే పక్కనే తననీ కట్టి తోలమని చెప్పి మంగతాయారు పిండుకుంటూ కూర్చుంది. ఆ రోజు నుంచి చుక్కికి గుంజ లేదు, పాక ముందు ఖాళీ జాగా ఇచ్చారు. ఊళ్ళో మాత్రం మంగతాయారు ఇప్పటికీ అంతా తన చేతి మహిమేనని చెబుతోంది.

పాలు పిండటం అయ్యాక చుక్కి తల్లి పక్కన చేరింది. అడగాలా వద్దా అని ఆలోచించి చివరికి అడిగేసింది.

"అమ్మా, ఎలా ఉంది?"

కాటుకమ్మ ఈసారి గోడవైపు తిరగలేదు. కూతురివైపు తిన్నగా చూసింది.

"తిరుగుడు దగ్గర ఎడమకాలు ఆలస్యంగా పడుతోంది. మొదటినుంచీ అంతే," అంది.

చుక్కికి అంత మెప్పు జన్మలో దొరకలేదు. భద్రయ్య అటు తిరిగి తుమ్మినట్టు నటించి కళ్ళు తుడుచుకున్నాడు.

గంప కింద నుంచి జంబయ్య ఇదంతా విన్నాడు. ఆ గంప మీద ఇప్పుడు సింహాద్రి కూర్చుని ఉన్నాడు, నక్కని తనే పట్టానని వచ్చేపోయే వాళ్ళందరికీ చెబుతూ. సూరిబాబు కర్రతో వచ్చి గంప ఎత్తాడు. జంబయ్య ఎన్ని దెబ్బలు తిన్నాడో గానీ, తోక చివరి వెంట్రుకలు మకాంలోనే వదిలేసి జీడితోట దాటి, గుట్ట దాటి పోయాడు. ఇప్పటికీ దూరంగా ఎక్కడైనా గేదె గిట్ట చప్పుడైతే ఒళ్ళు దగ్గరికి తీసుకుంటాడట.

నీతి: తల్లీకూతుళ్ళ పోట్లాటలో సందు చూసుకుని దూరేవాడు చివరికి గంప కింద తేలతాడు.